బాకీ ఉన్న లెక్క

మేం లెక్కలవాళ్ళం కాదు. బి.ఏ. చదివి, పొద్దున తెలుగులో వార్త రాసి, సాయంత్రం అదే వార్తని ఉర్దూలో తిరగరాసి బతికేవాళ్ళం. పదో తరగతి దాటాక బీజగణితం మొహం మళ్ళీ చూడలేదు. అలాంటి మేం ఒక లెక్క చరిత్ర రాయడానికి కూచున్నామంటే దానికి కారణం రెండు మాటలు.

మొదటి మాట ఒక తెలుగు పత్రికాఫీసులో విన్నాం. రాత్రి డ్యూటీ. డెస్కు దగ్గర 'ఆల్జీబ్రా' అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందన్న చర్చ నడిచింది. అరబీ మాట అని మేం చెప్పాం. పక్క కుర్చీలో మిత్రుడు నవ్వి, "బీజగణితం మనది భాయ్, మీవాళ్ళు ఎత్తుకెళ్ళి పేరు మార్చుకున్నారంతే" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. పండక్కి మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగి వెళ్ళేవాడే. కానీ 'మనది' అని మాతోనే అంటూ, మరుక్షణంలో 'మీవాళ్ళు' అని మమ్మల్ని బయట నిలబెట్టాడు.

రెండో మాట కొన్నాళ్ళకి మావాళ్ళ జల్సాలో విన్నాం. వక్త గొంతు పెంచి, అల్జబ్రా మనదే, సున్నా మనదే, లోకానికి లెక్క నేర్పింది మనమే అన్నాడు. జనం సుభానల్లా అన్నారు. మేమూ అన్నాం. ఇంటికొచ్చాక సిగ్గేసింది. సున్నా మనది కాదని మాకు తెలుసు. ఉర్దూలో దాన్ని సిఫర్ అంటాం. సిఫర్ అంటే ఖాళీ. 'శూన్యం' అన్న సంస్కృతం మాటకి అరబీలో చేసిన అనువాదం అది.

ఒకచోట మమ్మల్ని తీసేశారు. ఇంకోచోట మేం అవతలివాళ్ళని తీసేశాం. రెండూ తీసివేతలే. అందుకే ఈ తీసివేత గుర్తు చరిత్రనే తవ్వి చూద్దామనుకున్నాం. సున్నాకి కిందుండే సంఖ్యలకి సమీకరణంలో చోటు ఎప్పుడు దొరికింది, ఎవరిచ్చారు, ఎవరు వద్దన్నారు? ఇవి లెక్కల ప్రశ్నలే. కానీ మాకు అవి లెక్కల ప్రశ్నలుగా మాత్రమే కనిపించలేదు.

ఋణం, మన్ఫీ, బాకీ

మాలో చాలామందిమి ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఎనిమిదిలో తెలుగు మీడియంలోకి మారినవాళ్ళం. సున్నాకి కిందుండే సంఖ్యని ఉర్దూ ఉస్తాద్ 'మన్ఫీ' అన్నారు. తెలుగు మాష్టారు 'ఋణ సంఖ్య' అన్నారు. రెండూ ఒకటేనని తెలియడానికి మాకు కొన్ని రోజులు పట్టింది. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే రెండూ ఒకటి కాదనిపిస్తోంది. మన్ఫీ అనే మాట 'నఫీ' నుంచి వచ్చింది. నఫీ అంటే కాదనడం, లేదనడం. ఋణం అంటే అప్పు. కాదన్నవాడికి లెక్కలో చోటు లేదు. అప్పున్నవాడు లెక్కలో ఉన్నాడు. ఎంత అప్పుందో పేరు పక్కన రాయించుకుని మరీ ఉన్నాడు.

ఊళ్ళో మూడో మాట ఒకటుంది. కిరాణా కొట్టువాడు మా అమ్మీతో "సాయిబులమ్మా, పోయిన నెల బాకీ నలభై ఉంది" అనేవాడు. ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా తెలుగు పల్లెలో అప్పుని బాకీ అనే అంటాడు. అది అరబీ మాట. మిగిలినది అని అర్థం. 'జమ' అరబీ మాట, కూడిక అని అర్థం. వసూలు, ఖర్చు, రసీదు, జమాబందీ అన్నీ అరబీ, పార్సీల నుంచి వచ్చి కరణంగారి కవిలెల్లో కుదురుకున్న మాటలు. తెలుగువాడు బళ్ళో అప్పుని సంస్కృతంలో నేర్చుకుంటాడు, కొట్లో అరబీలో తీరుస్తాడు. ఆ రెండు మాటల మధ్య ఎప్పుడూ మతకలహం జరగలేదు.

అప్పుకి పేరు పెట్టినవాడు

క్రీ.శ. 628లో, ఇప్పటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్‌లో, ముప్పై ఏళ్ళ బ్రహ్మగుప్తుడు 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' రాశాడు. ఖగోళ శాస్త్రం పుస్తకం. అందులో పద్దెనిమిదో అధ్యాయం లెక్కల గురించి. అక్కడ ఆయన సంఖ్యల్ని మూడు రకాలు చేశాడు: ధనం, ఋణం, శూన్యం. ధనాన్ని ధనంతో కలిపితే ధనం. ఋణాన్ని ఋణంతో కలిపితే ఋణం. రెండూ సమానమైతే శూన్యం. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం.

ఈ చివరి సూత్రమే బళ్ళో మమ్మల్ని ఏడిపించింది. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎలా అవుతుందో ఎవరూ చెప్పలేదు, బట్టీ పట్టమన్నారు. కిరాణా కొట్టు లెక్కతో చూస్తే ఇది కష్టం కాదు. అయిదు రూపాయల అప్పు చీటీలు రెండు మన పేరు మీద ఉన్నాయి. కొట్టువాడు ఆ రెండింటినీ చింపేశాడు. మనకి పది రూపాయలు కలిసొచ్చినట్టే. అప్పుని తీసెయ్యడం అంటే లాభం. బ్రహ్మగుప్తుడు సంఖ్యలకి పెట్టిన పేర్లలోనే వివరణ ఉంది. ఆ పేర్లే ఇవాళ్టికీ మన తెలుగు వాచకాల్లో ఉన్నాయి.

దీనివల్ల ఆయనకి ఒక పెద్ద సదుపాయం వచ్చింది. తెలియని సంఖ్య ముందుండే అంకెని గుణకం అంటారు. ఆ గుణకం ధనమైనా ఋణమైనా ఒకటే సూత్రం నడుస్తుంది. తెలియని సంఖ్య, దాని వర్గం, మామూలు అంకె, ఈ మూడూ ఉన్న సమీకరణం ఏదైనా ఒకే దారిన విప్పవచ్చు.

ఐతే 'మొదట మనమే' అనడానికి తొందరపడకూడదు. చైనాలో 'తొమ్మిది అధ్యాయాల' లెక్కల గ్రంథం బ్రహ్మగుప్తుడికి చాలా ముందే ఉంది. దాని ఎనిమిదో అధ్యాయంలో కూడే సంఖ్యలకీ తీసే సంఖ్యలకీ వేరువేరు నియమాలున్నాయి. క్రీ.శ. 263లో దానికి వ్యాఖ్య రాసిన లియూ హ్వే, ధన సంఖ్యకి ఎర్ర పుల్లలు, ఋణ సంఖ్యకి నల్ల పుల్లలు వాడమన్నాడు. గుర్తుల సంగతీ అంతే. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీ అనే ఊళ్ళో, పొలం తవ్వుతుంటే భూర్జపత్రాల మీద రాసిన పాత లెక్కల పుస్తకం బయటపడింది. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. అందులో ఋణ సంఖ్య పక్కన పెట్టిన గుర్తు అచ్చం మన ఇవాళ్టి కూడిక గుర్తులా ఉంటుంది. భారతదేశపు పాత లెక్క, దొరికింది ఇప్పటి పాకిస్తాన్‌లో, ఉన్నది ఇంగ్లండులో, అందులో ప్లస్ అంటే మైనస్. దీన్ని ఏ ఒక్కడి సొత్తు అనాలి?

ఖ్వారిజ్మీ ఆరు గదులు

770ల ప్రాంతంలో సింధు నుంచి బాగ్దాదుకి వెళ్ళిన బృందంతోపాటు భారత ఖగోళ సిద్ధాంతం ఖలీఫా అల్ మన్సూర్ దర్బారు చేరింది. అరబీలోకి అనువాదమైంది. 'సింద్‌హింద్' అని పేరు పడింది. తర్వాతి తరాల్లో, ఖలీఫా అల్ మామూన్ (813-833) కాలంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఆ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని ఖగోళ పట్టికలు తయారు చేశాడు. అంకెల మీద ఇంకో పుస్తకం రాసి, ఇవి హింద్‌వాళ్ళ అంకెలు అని పేరు పెట్టి చెప్పాడు. అప్పు తెచ్చుకున్నది ఎవరి దగ్గరో దాచుకోలేదు. మా జల్సా వక్తకి ఇది ఎవరైనా చెప్పాల్సింది.

ఆయన మూడో పుస్తకం 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా'. ఆ 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా. మరి మా పత్రికాఫీసు మిత్రుడు చెప్పినట్టు ఇది ఎత్తుకెళ్ళిన సరుకా? తెరిచి చూస్తే అలా కనిపించదు. బ్రహ్మగుప్తుడి ధన, ఋణ సూత్రాలు అందులో లేవు. ఎత్తుకెళ్ళి ఉంటే ముందు ఎత్తుకెళ్ళాల్సింది అవే!

ఖ్వారిజ్మీ సమీకరణంలో విడిగా నిలబడ్డ ఋణ సంఖ్యకి చోటివ్వలేదు. పదిలోంచి ఒక సంఖ్య తీస్తే మిగిలేదాన్ని ఎలా గుణించాలో ఆయనకి తెలుసు. కానీ తీసివేత ఎప్పుడూ ఒక పెద్ద సంఖ్యని ఆనుకునే ఉండాలి. అందుకని సమీకరణం రెండువైపులా కూడికలే ఉండేలా సర్దాలి. అలా సర్దితే వర్గం, మూలం, అంకె, ఈ మూడింటి కలయికలు ఆరు రకాలు వస్తాయి. వర్గాలు మూలాలకి సమానం, వర్గాలు అంకెకి సమానం, మూలాలు అంకెకి సమానం, ఇవి మూడు. వర్గాలూ మూలాలూ కలిసి అంకెకి, వర్గాలూ అంకే కలిసి మూలాలకి, మూలాలూ అంకే కలిసి వర్గాలకి, ఇవి మూడు. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి, చివరి మూడింటికి బొమ్మ గీసి రుజువు. బ్రహ్మగుప్తుడికి ఒక పెద్ద హాలు సరిపోయిన చోట ఖ్వారిజ్మీ ఆరు గదులు కట్టాడు.

సర్దే పద్ధతి పేరే జబ్ర్. ఉర్దూ తెలిసినవాళ్ళకి ఈ మాట వింటే ఉలికిపాటు కలుగుతుంది. మా ఇళ్ళలో జబ్ర్ అంటే బలవంతం, దౌర్జన్యం. ముఖాబలా అంటే పోటీ, తలపడటం. దౌర్జన్యం, తలపడటం! మా గురించి లోకం రాసుకున్న చరిత్రకి పెట్టినట్టే ఉంది పేరు. కానీ అరబీలో జబ్ర్‌కి ఇంకో అర్థం ఉంది: విరిగిన ఎముకని కట్టి సరిచెయ్యడం. లోటు పూడ్చడం. ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టి సరిచూడటం. అరబీ ప్రభావం ఉన్న స్పెయిన్‌లో ఎముకలు కట్టేవాణ్ణి 'అల్‌హెబ్రిస్తా' అన్నారు. 1615లో వచ్చిన 'డాన్ క్విక్సోట్' రెండో భాగంలో పక్కటెముకలు విరిగినవాడికి కట్టు కట్టేది అల్‌హెబ్రిస్తానే. రాయలసీమలో పుత్తూరు కట్టు కట్టే మనిషిని చూసినవాళ్ళకి జబ్ర్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఒకే మాట. ఒకచోట విరగ్గొట్టడం, ఇంకోచోట అతికించడం. ఏ అర్థం వినిపిస్తుందన్నది వినేవాడి చెవిని బట్టి కూడా ఉంటుంది.

కోతుల లెక్క, కొడుకుల లెక్క

రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. భాస్కరాచార్యుడు 1150లో రాసిన 'బీజగణితం'లో ఒక కోతుల లెక్క ఉంది. గుంపులో అయిదో వంతు తీసుకో. అందులోంచి మూడు తీసెయ్. మిగిలినదాని వర్గం ఎంతో అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒక్కటి మాత్రం కొమ్మ మీద కనిపిస్తోంది. గుంపులో మొత్తం ఎన్ని?

తెలియని సంఖ్యని భాస్కరుడు 'యావత్ తావత్' అన్నాడు, పొట్టిగా 'యా'. లెక్కని విప్పితే ఒకవైపు యా వర్గం, అందులోంచి 30 యాలు తీసివేత, 225 కూడిక. రెండోవైపు 25 యాలు, అందులోంచి 25 తీసివేత. భాస్కరుడు ఋణాలకి జంకడు. అంకె మీద చుక్క పెడితే ఋణం. ఆయన సర్దుబాటులో ఒకవైపు యా వర్గం, ఋణం 55 యాలు. రెండోవైపు ఋణం 250. ఇదే ఋణ గుణకం ఉన్న సమీకరణం.

ఇదే లెక్క మూడు శతాబ్దాల ముందరి ఖ్వారిజ్మీ చేతికిచ్చామనుకుందాం. ముందు జబ్ర్: ఎక్కడ లోటు ఉందో అక్కడ పూడ్చు, అంతే మొత్తం రెండోవైపూ కలుపు. 30 యాల లోటు పూడ్చాడు, 25 లోటు పూడ్చాడు. ఇప్పుడు వర్గం, 250 కలిసి 55 యాలకి సమానం. ఆయన ఆరు గదుల్లో అయిదోది. 55లో సగం 27.5. దాని వర్గం 756.25. అందులోంచి 250 తీస్తే 506.25. దాని మూలం 22.5. దీన్ని 27.5 లోంచి తీస్తే 5, కలిపితే 50. ఈ గదిలో రెండు జవాబులు రావచ్చని ఖ్వారిజ్మీయే చెప్పాడు.

50 కోతులైతే అయిదో వంతు 10, మూడు తీస్తే 7, వర్గం 49, కొమ్మ మీద ఒకటి. సరిపోయింది. 5 కోతులైతే అయిదో వంతు ఒకటి, అందులోంచి మూడు తీస్తే ఋణం 2, దాని వర్గం 4, కొమ్మ మీద ఒకటి. అంకెల్లో ఇదీ సరిపోయింది. కానీ ఒక కోతిలోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తాం? భాస్కరుడు ఈ జవాబు వద్దన్నాడు. ఋణంగా తేలే సంఖ్యని జనం ఒప్పుకోరని కారణం చెప్పాడు. దారిలో ఋణాన్ని నడవనిచ్చినవాడు కూడా గడప దగ్గర ఆపేశాడు.

ఇక కొడుకుల లెక్క. ఖ్వారిజ్మీ పుస్తకంలో దాదాపు సగం వారసత్వం, వీలునామాల లెక్కలే. ఖురాన్‌లో నిసా సూరా వాటాలు చెబుతూ, వసీయతూ అప్పూ తీర్చాకే పంపకం అంటుంది. అందువల్ల ఈ లెక్కలు ఇంటింటికీ కావాలి. వాటిలో ఒకటి ఇది. ఒకాయన చనిపోయాడు. ఇద్దరు కొడుకులు. ఆస్తిలో మూడో వంతు బయటి మనిషికి రాసిపోయాడు. వదిలిపోయిన నగదు 10 దిర్హంలు. ఒక కొడుకు తండ్రికి 10 దిర్హంలు బాకీ. ఆ కొడుకు చేతిలో డబ్బు లేదు. అతని దగ్గర్నుంచి జమ కట్టుకోగలిగేది అతనికి రావాల్సిన వాటా మేరకే. ఎంత జమ కట్టాలి?

ఖ్వారిజ్మీ ఆ తెలియని మొత్తాన్ని 'షై' అన్నాడు, అంటే వస్తువు. ఆస్తి ఇప్పుడు 10, ఒక షై. మూడో వంతు బయటి మనిషికి పోగా మిగిలింది ఇద్దరు కొడుకులకి సమానం. అంటే ఒక్కో కొడుక్కి కూడా మొత్తంలో మూడో వంతే. అప్పున్న కొడుకు వాటా అతని షైకి సమానం. కాబట్టి షై అంటే 10లో మూడో వంతు, షైలో మూడో వంతు కలిపినది. విప్పితే షై విలువ 5. ఆస్తి 15, ముగ్గురికీ తలా 5. నగదు పదీ బయటి మనిషికి అయిదు, రెండో కొడుక్కి అయిదు. అప్పున్న కొడుకు వాటా అతని అప్పులోనే జమ.

ఈ లెక్క మమ్మల్ని చాలాసేపు కదలనివ్వలేదు. అప్పున్న కొడుకుని ఇంట్లోంచి తీసెయ్యలేదు. నీకేం లేదు పో అనలేదు. అతని అప్పుని కూడా ఇంటి ఆస్తిగా రాసి, అతనికీ వాటా కట్టి, లెక్క మూసేశారు. ఋణ సంఖ్యని ఒప్పుకోని పుస్తకంలోనే ఋణస్తుడికి ఇంత మర్యాద దొరికింది.

ఒప్పుకోనందుకు పడ్డ శ్రమ

ఆరు గదులకి తర్వాతివాళ్ళు మూల్యం చెల్లించారు. ఉమర్ ఖయ్యాం (1048-1131) తెలుగువాళ్ళకి మధుపాత్ర కవిగానే తెలుసు. ఉమర్ ఆలీషా, దువ్వూరి రామిరెడ్డి వంటివాళ్ళు ఆయన్ని తెలుగులోకి తెచ్చారు. కవి వచ్చాడు, లెక్కలవాడు పర్షియాలోనే ఉండిపోయాడు. ఆ ఖయ్యాం ఘనాల దాకా ఉండే సమీకరణాలన్నిటినీ వర్గీకరించాడు. అన్నీ కూడికలుగానే ఉండాలి కాబట్టి 25 రకాలు తేలాయి. వాటిలో 14 ఘన సమీకరణాలకి శంకువుని కోస్తే వచ్చే వక్రరేఖలు గీసి జవాబులు తీశాడు. అద్భుతమైన పని. కానీ ఋణ గుణకాన్ని ఒప్పుకుంటే ఆ ఘన సమీకరణాలన్నీ ఒకే రూపంలో ఒదిగేవి. అప్పుని ఒప్పుకోని లెక్క ముక్కలు ముక్కలవుతుంది. ముక్క ముక్కకీ వేరే నియమం రాసుకోవాలి.

అరబీ గణితం అక్కడే ఆగిపోలేదు. గుమాస్తాలకీ అధికారులకీ లెక్కలు నేర్పడానికి అబుల్ వఫా (940-998) రాసిన పుస్తకంలో మూడుని అయిదుతో గుణించడానికి ఒక చుట్టుదారి చూపించాడు. ఆ దారిలో మూడులోంచి అయిదు తియ్యాల్సి వచ్చింది. మిగిలినదాన్ని ఆయన 'దైన్' రెండు అన్నాడు. దైన్ అంటే అప్పు. పదితో గుణిస్తే ఇరవై అప్పు. చేతిలో ఉన్న 35లోంచి ఆ అప్పు తీరిస్తే 15. బ్రహ్మగుప్తుడి మాటే బాగ్దాదు గుమాస్తా నోట అరబీలో వినిపించింది. పన్నెండో శతాబ్దంలో అల్ సమవ్‌అల్, యూదు కుటుంబంలో పుట్టి 1163లో ముస్లిం అయినవాడు, పందొమ్మిదో ఏట రాసిన 'అల్ బాహిర్'లో పని పూర్తి చేశాడు. ఖాళీ స్థానంలోంచి ఒక సంఖ్యని తీస్తే అదే సంఖ్య తీసివేతగా మిగులుతుంది, తీసివేతని తీస్తే అది కూడికగా మిగులుతుంది అన్నాడు. గుణకాల్ని వరసల్లో రాసి, ఋణ గుణకాలతో సహా భాగహారం చేసి చూపించాడు. హిందువుగా పుట్టిన లెక్కని ఒక ముస్లిం గుమాస్తాల గురువూ, ఒక యూదు పిల్లవాడూ పెంచారని మనం చెప్పుకోవచ్చు. లెక్కకి మాత్రం ఆ పేర్లు తెలియవు.

వద్దన్నవాళ్ళ జాబితాలో మేమొక్కళ్ళమే లేం. గ్రీకు డయోఫాంటస్ నాలుగు షైలూ ఇరవై కలిసి నాలుగుకి సమానం అనే లెక్క వస్తే అర్థం లేనిదన్నాడు. తొమ్మిదో శతాబ్దపు జైన గణితజ్ఞుడు మహావీరుడు ఋణ సంఖ్యకి వర్గమూలం లేదన్నాడు. ఆయన 'గణితసారసంగ్రహాన్ని'ే పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో తెలుగు చేశాడు. తెలుగువాడి తొలి శాస్త్రగ్రంథాల్లో ఒకటి కన్నడ దేశపు జైనుడి దగ్గర తెచ్చుకున్నదే. ఖ్వారిజ్మీ బీజగణితం 1145లో స్పెయిన్‌లో లాటిన్‌లోకి వెళ్ళింది. యూరపు దాన్ని అందుకుంది, దాని భయాన్నీ అందుకుంది. 1544లో స్టిఫెల్ ఋణ సంఖ్యల్ని అసంబద్ధాలన్నాడు. 1545లో కార్డానో ఋణ జవాబుల్ని కల్పితాలన్నాడు. 1637లో డెకార్ట్ అబద్ధాలన్నాడు. 1758లో ఇంగ్లండులో మాసెరీస్ అనే పెద్దమనిషి వాటిని బీజగణితంలోంచి బహిష్కరించాలని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అసంబద్ధం, కల్పితం, అబద్ధం, బహిష్కారం. అంకెల గురించి వాడిన ఈ మాటలు మనుషుల గురించి కూడా వాడటం మేం విన్నాం.

1831లో డి మోర్గాన్ అనే గణితజ్ఞుడు ఒక లెక్క ఇచ్చాడు. తండ్రికి 56, కొడుక్కి 29. ఇంకెన్నేళ్ళకి తండ్రి వయసు కొడుకు వయసుకి రెట్టింపవుతుంది? చేస్తే ఋణం రెండు వస్తుంది. జవాబు అసంబద్ధం, కాబట్టి ప్రశ్న మార్చుకోమన్నాడు. ఇంకెన్నేళ్ళకి అని కాదు, ఎన్నేళ్ళ కింద అని అడగాలి. రెండేళ్ళ కింద తండ్రికి 54, కొడుక్కి 27. తప్పు జవాబులో లేదు. మనం అడిగిన ప్రశ్న వెనక్కి చూడటం మర్చిపోయింది.

పార్సీ తలుపు

ఈ డి మోర్గాన్ 1806లో మదురైలో పుట్టినవాడు. ఢిల్లీ కాలేజీలో ఉర్దూలో లెక్కలు చెప్పిన మాస్టర్ రామచంద్ర 1850లో కలకత్తాలో అచ్చేసుకున్న పుస్తకాన్ని 1859లో లండన్‌లో మళ్ళీ అచ్చు వేయించింది ఈయనే. రామచంద్ర కాయస్థుడు, 1852లో క్రైస్తవం తీసుకున్నాడు. 'ఫవాయిద్ ఉన్ నాజిరీన్', 'ముహిబ్బ్ ఎ హింద్' అనే ఉర్దూ పత్రికలు నడిపాడు. ఉర్దూలో పత్రికలు రాసి బతికే మాకు ఆయన పూర్వీకుడు. మతం అడిగితే మావాడు కాడు. భాష అడిగితే మా ఇంటి పెద్ద.

ఇంకో మనిషి గురించి చెప్పకపోతే ఈ లెక్క ముగియదు. తాజ్‌మహల్ వాస్తుశిల్పి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కొడుకు అతావుల్లా రషీదీ. భాస్కరుడి బీజగణితాన్ని సంస్కృతం నుంచి పార్సీలోకి తెచ్చి 1634-35లో షాజహాన్‌కి అంకితమిచ్చాడు. దానికి ముందు 1587లో అక్బర్ దర్బారులో ఫైజీ 'లీలావతి'ని పార్సీ చేశాడు. 1813లో ఎడ్వర్డ్ స్ట్రాచీ భాస్కరుడి బీజగణితాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఈ అతావుల్లా పార్సీ నుంచే. సంస్కృతం నుంచి కోల్‌బ్రూక్ చేసిన అనువాదం 1817లో వచ్చింది. భాస్కరుడి ఋణ గుణకాలు ఇంగ్లీషు పాఠకుడి గడప తొక్కింది ముందు పార్సీ తలుపులోంచే.

ఔరంగాబాద్‌లోని బీబీ కా మక్బరా తలుపు మీద శిల్పిగా అతావుల్లా పేరు, పక్కన ఇంజినీరుగా హంస్‌పత్ రాయ్ పేరు ఉన్నాయి. ఈ అతావుల్లా ఆ అనువాదకుడేనని చరిత్రకారులు చెబుతారు. ఔరంగాబాద్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో మన ఊరే. మొగలాయీ గోరీ అని దాన్ని చూపించేవాళ్ళలో, చూసేవాళ్ళలో, కట్టినవాడు భాస్కరుణ్ణి చదివాడని తెలిసినవాళ్ళు ఎంతమంది?

మా ఖాతాలో బాకీలూ ఉన్నాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ లెక్కలు ఉర్దూలో చెప్పారు. ఇంగ్లీషు పెత్తనం ఉన్న రోజుల్లో దేశభాషలో అంత చదువు చెప్పడం గొప్ప పని. కానీ ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడిన తెలుగుకి ఆ గౌరవం దక్కలేదు. ఆ పాలకులు మేం కాదు, మా తాతలు దూది ఏకినవాళ్ళు, జట్కాలు తోలినవాళ్ళు. ఐనా మా భాషకి వచ్చిన గౌరవాన్ని జమ రాసుకుంటూ ఈ బాకీని రాసుకోకపోతే అది దొంగ లెక్క. అలాగే మా తప్పుల్నే బాకీ కింద రాసి, అతావుల్లానీ అబుల్ వఫానీ జమ కట్టని పాఠ్యపుస్తకాల లెక్క కూడా దొంగ లెక్కే.

అప్పు లేనివాడు ఈ చరిత్రలో ఎవడూ లేడు. హింద్ అంకెలు అరబ్బులు తీసుకున్నారు. అరబ్బుల జబ్ర్ యూరపు తీసుకుంది. భాస్కరుణ్ణి మొగలులు తీసుకున్నారు. మొగలుల పార్సీ నుంచి ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. జైనుడి పుస్తకం తెలుగువాడు తీసుకున్నాడు. అప్పు తీసుకోవడంలో సిగ్గు లేదు. అప్పు లేదని బొంకడంలో ఉంది సిగ్గు. మేం అడిగేది మమ్మల్ని ఈ దేశానికి దాతలుగా రాయమని కాదు. మమ్మల్ని మన్ఫీ చెయ్యొద్దని మాత్రమే. జమ ఉంటే జమ, బాకీ ఉంటే బాకీ, లెక్కలో మాత్రం ఉండాలి.

సమీకరణాన్ని ఉర్దూలో 'ముసావాత్' అంటారు. సమానత్వానికి కూడా అదే మాట. రెండువైపులా ఒకేలా ఉండటం కాదు ముసావాత్ అంటే. ఒకవైపు కోతులుంటాయి, ఒకవైపు అంకెలుంటాయి. ఒకవైపు లోటు ఉంటుంది. ఆ లోటుని పూడ్చి, పూడ్చినంతా రెండోవైపూ కలిపితేనే అది నిలబడుతుంది.

ఉర్దూలో 'హమ్' అనే ఒక్క మాటే ఉంది. అందులో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పకుండానే ఉపన్యాసం ముగించవచ్చు. తెలుగు అలా వదలదు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. ఈ వ్యాసం అంతా మేం అంటూ రాశాం. రాయక తప్పలేదు. కానీ ఆ రాత్రి పత్రికాఫీసులో మిత్రుడు మా మొహం చూస్తూ "బీజగణితం మనది భాయ్" అన్నాడు కదా. తెలుగు వ్యాకరణం ప్రకారం ఆ 'మనది'లో మేమూ ఉన్నాం. అతను గమనించి అన్నాడో లేదో గానీ, మేం మాత్రం ఆ మాటని జమ రాసుకున్నాం.